పెండ్లిళ్లకు వచ్చే రోగం

ఆగయ్యకు ఆ రోగం మొదటిసారి వచ్చింది కోరుట్లలో, మరదలి పెండ్లయిన మర్నాడు పొద్దున. పెద్దల్లుడు కాబట్టి పెండ్లి పనులన్నీ తానే నెత్తిన వేసుకున్నాడు. పందిరి గుంజలు పాతాడు, కట్టెలు కొట్టాడు, నీళ్ళ గంగాళాలు మోశాడు. చివరి బంతిలో కూర్చుంటే అత్త లింగవ్వ దగ్గర నిలబడి కొసరి కొసరి వడ్డించింది. ఇంటి దగ్గర ఆగయ్య తినేది మొక్కజొన్న రవ్వతో వండిన మక్కగట్క. వరి అన్నం కనిపిస్తే విస్తరి వైపు తప్ప ఎటూ చూడడు. ఆ రోజు అన్నం మీద అన్నం పెట్టించుకుని, దాని మీద బెల్లం పూర్ణం పెట్టిన పోలెలు తిన్నాడు. అల్లుడి ఆకలి చూసి లింగవ్వ మురిసిపోయింది.

తెల్లారి అందరూ లేచారు. ఆగయ్య లేవలేదు.

లేవలేదంటే మెలకువ రాలేదని కాదు. కళ్ళు తెరిచే ఉన్నాడు. వాకిట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. కాళ్ళు మాత్రం ఎవరివో తెచ్చి తన నడుముకు తగిలించినట్టు పడి ఉన్నాయి. చేతులు ఎత్తబోతే భుజాలు మాట వినలేదు. ముక్కు మీద ఈగ వాలింది. దాన్ని తోలడానికి చెయ్యి రాక నోటితో ఊదాడు. ఈగ కదలలేదు. అప్పుడు భయపడ్డాడు.

"సారక్కా! ఓ సారక్కా! నా కాళ్లు లేస్తలెవ్వే" అని భార్యను పిలిచాడు.

"రాత్రి ఎంత కల్లు తాగినవ్?" అని సారక్క గడప అవతలి నుంచే అడిగింది.

ఆ తరువాత రెండేళ్ళలో ఆగయ్య రోగానికి చాలామంది చాలా పేర్లు పెట్టారు. వాటన్నిటితో పోలిస్తే సారక్క అడిగిన ఈ మాటే కాస్త నయం. రాత్రి కడుపులోకి ఏం పోయిందని చాలా కాలం దాకా ఆమె తప్ప ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నానికి వేళ్ళు కదిలాయి. కాసేపటికి మోచేయి వంగింది. పొద్దు వాలేసరికి లేచి నిలబడి, నీళ్ళు పోసుకుని, ఏమీ జరగనట్టు తిరిగాడు. ఈలోగా మిగిలిన చుట్టాలంతా కలిసి పందిరి విప్పారు, గంగాళాలు కడిగి తిరిగి ఇచ్చి వచ్చారు. సరిగ్గా పని ఉన్నంతసేపు పడుకుని, పని అయిపోగానే లేచిన అల్లుడిని చూసి కోరుట్ల చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రోగమని ఎవరూ అనలేదు. తెలివి అన్నారు.

ఆగయ్యది సారంగాపూర్ అవతల గుట్టల పక్కనున్న చిన్న పల్లె. ఇంట్లో తల్లి పోచవ్వ, భార్య సారక్క. కాలువ నీళ్ళు అందని చెల్కలో మక్క, పసుపు వేసుకుని బతికేవాడు. ఎనభైల చివరి రోజులవి. ఆ పల్లెల్లో పగలు పోలీసులు అడిగిన దానికి జవాబు చెప్పాలి. పొద్దు గూకితే, అందరూ అన్నలని పిలిచే నక్సలైట్లు అడిగిన దానికి చెప్పాలి. ఇద్దరికీ ఒకే జవాబు సరిపోదు కాబట్టి మనుషులు రెండేసి జవాబులు దగ్గర పెట్టుకుని తిరిగేవారు. అలాంటి చోట లేవలేని రోగం తెచ్చుకోవడం ఆగయ్య చేసిన తెలివితక్కువ పని.

రెండోసారి ఇంటి దగ్గరే వచ్చింది, దసరా వెళ్ళిన మర్నాడు. పోచవ్వ పరుగెత్తి ఎల్లేశాన్ని పిలుచుకొచ్చింది. ఎల్లేశం ఆ చుట్టుపక్కల ఊళ్ళకు డాక్టరు. జగిత్యాలలో మందుల దుకాణంలో పని చేస్తూ చేస్తూ ఒకనాడు తానే డాక్టరైపోయాడు. జ్వరమైనా, విరేచనాలైనా, కాలు విరిగినా, అత్తతో కొట్లాడి కోడలు పడిపోయినా ఎల్లేశం చేసే వైద్యం ఒకటే. దూలానికి గ్లూకోజు సీసా వేలాడదీసేవాడు. సీసా వేలాడితేనే జనానికి కూడా వైద్యం జరిగినట్టుండేది.

ఆగయ్యకూ సీసా వేలాడదీశాడు. సగం ఎక్కేసరికి, అప్పటిదాకా కొంచెం కదులుతున్న మెడ కూడా వాలిపోయింది. ఎల్లేశం కంగారు పడలేదు. రెండో సీసా తీశాడు.

రాత్రికి ఎలాగో ఆగయ్య లేచి కూర్చున్నాడు. ఎల్లేశం సంచి సర్దుకుంటూ పోచవ్వతో, "జర ఆలిస్యమైతె నీ కొడుకు దక్కకపోవు, పెద్దవ్వా. గ్లూకోజు పడ్డది గన్క బతికిండు" అన్నాడు. పోచవ్వ దండం పెట్టింది. ఆ రోజు నుంచి ఆగయ్య పడిపోయినప్పుడల్లా ఎల్లేశం రావడం, సీసా కట్టడం, ఆగయ్య మరింత పడిపోవడం, తరువాత దానంతట అదే తగ్గడం, ఎల్లేశానికి పేరు రావడం జరుగుతూ వచ్చాయి.

సారక్క మొగుణ్ణి పెద్ద డాక్టరుకు చూపించాలని పట్టుబట్టింది. పట్టుబట్టడం సులువే. ఆగయ్య పడిపోయేది తెల్లవారుజామున. ఊరికి బస్సు వచ్చేది పొద్దెక్కాక. మంచం మీద మోసుకుపోయి బస్సులో పడేసి, జగిత్యాలలో దించి, డాక్టరు ఇంటి ముందు వరుసలో కూర్చోబెట్టి, లోపలికి పిలుపు వచ్చేసరికి ఆగయ్య నడిచి వెళ్ళేవాడు.

"ఏం తకలీఫ్?" అని ప్రైవేటు డాక్టరు అడిగాడు.

"కాళ్లు చేతులు రావు సారు."

"నడుచుకుంట వచ్చినవ్ గదా."

"ఇప్పుడు వస్తున్నై సారు. పొద్దుగాల రాలే."

డాక్టరు మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టాడు. కాలు ఎగిరింది. రక్తం తీసి చూశాడు. అన్నీ ఉండవలసిన చోటే ఉన్నాయి. నరాల బలహీనత అని చెప్పి ఎర్ర గోలీలు రాశాడు. ఆగయ్య శ్రద్ధగా మింగాడు. మూత్రం పచ్చగా రావడం తప్ప ఇంకే మార్పూ రాలేదు.

కోరుట్లలో ఇంకో డాక్టరు, ఇది ఒంటి రోగం కాదు మనసు రోగమన్నాడు. "నీకు ఏమన్న భయం ఉన్నదా?" అని మెల్లగా అడిగాడు. ఆగయ్య తలుపు వైపు చూశాడు. డాక్టరు కూడా తలుపు వైపు చూశాడు. ఎవరి భయం గురించి మాట్లాడాలో, ఎవరు వింటున్నారో ఇద్దరికీ తెలియలేదు. డాక్టరు ఇంకేం అడగకుండా నిద్ర గోలీలు రాసిచ్చాడు. అసలే పొద్దున లేవలేని మనిషికి నిద్ర గోలీలు ఎందుకని సారక్క దారి పొడుగునా అడుగుతూనే ఉంది.

ఈలోపు పోచవ్వ సొంతంగా ఆలోచించింది. కొడుకు పడిపోయిన రోజులన్నీ తలచుకుంది. మరదలి పెండ్లి, కోరుట్ల. దసరాకు వియ్యపురాలు పంపిన పోలెలు. మరదలి తొలిచూలు కానుపని కోరుట్ల పోయినప్పుడు మళ్ళీ. గట్క తిన్న రోజుల్లో ఒక్కసారి కూడా రాలేదు. ఇంతవరకు ఆమె చూసింది పూర్తిగా నిజం. ఏ డాక్టరూ ఇంత చక్కగా గమనించలేదు. కానీ అక్కడి నుంచి ఒకే అంగలో ఆమె చేరిన చోటు వేరు.

"మీ అవ్వ నా కొడుక్కు మందు వెట్టింది" అంది కోడలితో.

"మా అవ్వకు ఏం అవుసరమే అత్తా? అల్లుడు కాళ్లు పడిపోతె మా అవ్వకు ఏమొస్తది?"

"నీ చెప్పుచేతల్ల ఉండాలని. కాళ్లు లేనోడు ఎటువోతడు?"

సారక్క ఏడ్చింది, అరిచింది, రెండు పూటలు తినలేదు. ఆగయ్య ఎవరి వైపూ మాట్లాడలేదు. కానీ అతని మనసులో కూడా అనుమానం చేరింది. లింగవ్వ కొసరి వడ్డించిన తీరు తలుచుకుంటే ఇప్పుడు అదోరకంగా కనిపించింది. ఒళ్ళు ఎందుకు మోసం చేస్తోందో తెలియని మనిషి ఎవర్నో ఒకర్ని అనుమానించకుండా ఉండలేడు. అత్తగారు అందుబాటులో ఉంది.

పెట్టుమందు కక్కించే మనిషి ముస్తాబాద్ తొవ్వలో ఉన్నాడని ఎవరో చెప్పారు. ముగ్గురూ సిరిసిల్ల మీదుగా వెళ్ళారు. ఆ మనిషి ఆగయ్యకు లోటా నిండా పసరు తాగించాడు. ఆగయ్య కడుపులో ఉన్నదంతా కక్కాడు. ఆ మనిషి అందులో చెయ్యి పెట్టి, నల్లటి ఉండ ఒకటి తీసి చూపించాడు.

"ఇగో, కోరుట్ల మందు."

పోచవ్వ గుండె బాదుకుంది. సారక్క మాత్రం ఆ ఉండను పరీక్షగా చూసింది. అది చింతపండు ఉండ. పైగా పొడిగా ఉంది.

"పొట్టల ఇన్ని దినాలున్నది తడువలేదా?" అని అడిగింది.

"మందు గట్లనే ఉంటది" అన్నాడా మనిషి. పోయిన బలం తిరిగి రావాలని చెప్పి ఆగయ్యకు బెల్లం పాకం తాగించి, వేడి అన్నం పెట్టించి పంపాడు.

మర్నాడు పొద్దున సిరిసిల్ల బస్టాండులో ఆగయ్య కట్టెలా పడి ఉన్నాడు. సాంచాలనే మరమగ్గాల మీద రాత్రి పని ముగించి ఇళ్ళకు పోతున్న నేతవాళ్ళు చుట్టూ గుమికూడారు. ఒకాయన ఉల్లిగడ్డ వాసన చూపించాడు. ఇంకొకాయన చేతిలో ఇనుప తాళంచెవి పెట్టాడు. మూడో ఆయన వీళ్ళిద్దరికీ ఏమీ తెలియదని చెప్పి వెళ్ళిపోయాడు. పోచవ్వ దీన్నుంచి నేర్చుకున్నది ఒకటే. కక్కించినా పోలేదంటే వియ్యపురాలు పెట్టింది మామూలు మందు కాదు. అప్పటినుంచి సారక్క పుట్టింటి గడప తొక్కకూడదని తీర్పు చెప్పింది. లింగవ్వ రెండుసార్లు కూతుర్ని చూడటానికి వస్తే వాకిట్లో నుంచే పంపించింది. ఆ వెళ్ళిపోతున్న తల్లిని చూసి కూడా సారక్క గట్టిగా ఏడవలేకపోయింది. ఏడిస్తే మొగుడి ప్రాణం కంటే పుట్టిల్లే ఎక్కువైందనే మాట సిద్ధంగా ఉండేది.

అలా ఉండగా అన్నలు ఊరికి వచ్చారు. ఊరి దొర ఎప్పుడో హైదరాబాదు వెళ్ళిపోయాడు. అతని భూమి ఏళ్ళుగా బీడు పడి ఉంది. ఆ భూమి దున్నాలని, ఇంటికొక నాగలి రావాలని చెప్పారు. రానంటే ఏమవుతుందో ఎవరూ అడగలేదు. ఆగయ్య తన ఎడ్లతో వెళ్ళాడు. పొద్దుటి నుంచి పొద్దు గూకేదాకా దున్నాడు. భూమి వస్తుందని కాదు గానీ, నలుగురిలో ఒకడిగా పని చేసి చాలా రోజులైంది. ఒళ్ళు మాట వింటున్న రోజు అతనికి పండుగే. సాయంత్రం గడీ అని పిలిచే దొర పెద్ద ఇంట్లో అతని మనుషులు నిలవ చేసిన బియ్యం తీసి వండి అందరికీ పెట్టారు. ఆగయ్య కూడా తిన్నాడు. ఎంత తిన్నాడో, ఎలా తిన్నాడో వేరే చెప్పనక్కర్లేదు.

మర్నాడు తెల్లవారేసరికి పోలీసులు దిగారు. జీపు చప్పుడు వినగానే ఊళ్ళో మగవాళ్ళంతా గుట్టల్లోకి పరుగెత్తారు. ముసలివాళ్ళు కూడా పరుగెత్తారు. పరుగెత్తనిది ఒక్క ఆగయ్యే. మంచం మీద వెల్లకిలా పడుకుని దూలం చూస్తున్నాడు.

కొత్తగా వచ్చిన ఎస్సై గడపలో నిలబడి ఆ దృశ్యం చూశాడు. అతనిది కోస్తా.

"ఊరంతా పారిపోతే నువ్వొక్కడివే దర్జాగా పడుకున్నావే. లే."

"లేవస్త లేదు సారు."

"లేవాలని లేదా?"

"మనసున్నది సారు. కాళ్లు లేస్తలెవ్వు."

ఎస్సై లాఠీతో అరికాలి మీద కొట్టాడు. ఆగయ్య కేక వేశాడు. కాలు మాత్రం అంగుళం కదలలేదు. ఎస్సై మళ్ళీ కొట్టాడు. మళ్ళీ కేక. మళ్ళీ కాలు అక్కడే.

"నొప్పి వస్తుంది గానీ కాలు రాదా? ఏం నాటకంరా ఇది!"

ఉద్యోగంలో తల నెరిసిన హెడ్డు కానిస్టేబుల్ ముందుకు వచ్చి, వంగి చూశాడు. "సార్, ఇన్నేండ్లల్ల గిసొంటోణ్ని సూడలే. దెబ్బ వడితె సచ్చినట్టు కాలు గుంజుకుంటరు. ఈడు గుంజుకుంటలేడు" అన్నాడు. అతని గొంతులో మెచ్చుకోలు లాంటిది వినిపించింది.

ఇంత నటన వచ్చినవాడు తప్పకుండా అన్నల్లో పెద్ద మనిషే అయి ఉంటాడని ఎస్సై తేల్చుకున్నాడు. నలుగురు కానిస్టేబుళ్ళు ఆగయ్యను బస్తాలా ఎత్తి జీపులో వేశారు. సారక్క పిలవకుండానే ఎక్కి మొగుడి తల ఒళ్ళో పెట్టుకుంది. దిగమంటే దిగలేదు. గుంజినా దిగలేదు. ఎస్సై విసుక్కుని పోనిమ్మన్నాడు.

ఠాణా వరండాలో పడుకోబెట్టాక ఆగయ్య గొంతు సన్నబడింది. ఉమ్మి మింగడం కష్టమైంది. ఊపిరి పైపైనే ఆడుతోంది. "సారక్కా, ఈసారి వోతనే" అన్నాడు. ఆ మాట సారక్కకు తప్ప ఎవరికీ వినపడలేదు. సారక్క లేచి ఎస్సై బల్ల ముందు నిలబడింది.

"సారూ, నా పెనిమిటి సస్తున్నడు. మీ ఠాణల సస్తున్నడు. మీరు గొట్టలేదని నేను జెప్పినా ఎవ్వలు ఇనరు."

ఎస్సై వచ్చి చూశాడు. ఆగయ్య పెదవులు నల్లబడుతున్నాయి. కొద్ది రోజుల కిందటే పక్క సర్కిల్లో ఒకడు లాకప్‌లో పోతే హక్కుల సంఘంవాళ్ళు వచ్చారు, పేపర్లవాళ్ళు వచ్చారు, విచారణ కూడా వచ్చింది. అక్కడ నిజంగానే కొట్టారు. ఇక్కడ అరికాలి మీద రెండు దెబ్బలకే మనిషి పోతున్నాడు. ఇంత తక్కువ కొట్టినందుకు ఇంత పెద్ద విచారణ రావడం ఎస్సైకి అన్యాయంగా తోచింది.

"జీపు తియ్యండి!" అని అరిచాడు.

జగిత్యాలలో ఆపనివ్వలేదు. అక్కడ చస్తే మాట తన మీదికే వస్తుంది. కరీంనగర్ పెద్దాసుపత్రిలో చస్తే ఆసుపత్రిలో చచ్చినట్టు. అందుకని జీపు ఎడ్లబండ్లను, లారీలను, మేకల మందలను తప్పించుకుంటూ కరీంనగర్ వైపు పరుగెత్తింది. రోగం తగ్గిపోక ముందే ఆగయ్యను డాక్టరు ముందు పెట్టాలని సారక్క రెండేళ్ళుగా అందరినీ బతిమాలింది. ఆ పని ప్రభుత్వం ఇట్లా చేసి పెట్టింది.

ఆసుపత్రిలో ఆ పూట ఉన్నది కొత్తగా చదువు ముగించుకొచ్చిన డాక్టరమ్మ. ఆమె మోకాలి మీద సుత్తితో కొట్టింది. కాలు కదలలేదు. సూదితో గుచ్చింది. ఆగయ్య కళ్ళు చిట్లించాడు. ఆమె మొహంలో ఏదో వెలిగింది. గుండె పరీక్ష చేయించి, మిషన్లోంచి వస్తున్న కాగితాన్ని నిలబడే చూసింది.

"నటిస్తున్నాడని రాసివ్వండి మేడమ్, చాలు" అన్నాడు ఎస్సై. బతికే సూచనలు కనిపించగానే అతనికి మళ్ళీ ధైర్యం వచ్చింది.

"మనిషి నటిస్తాడేమో. గుండె నటించదండీ. మీరు బయట ఉండండి" అంది డాక్టరమ్మ.

రక్తంలో పొటాషియం అనే ఉప్పు బాగా పడిపోయిందని ఆమె అంది. రక్తం పరీక్షకు పంపి, అది వచ్చేదాకా ఆగకుండా మందు మొదలుపెట్టింది. నీళ్ళలో కలిపిన మందు చెంచాతో కొంచెం కొంచెం పోసింది. పక్కనే కూర్చుంది. లేచి వెళ్ళి ఇంకో రోగిని చూసి మళ్ళీ వచ్చి కూర్చుంది. మధ్యాహ్నానికి ఆగయ్య బొటనవేలు కదిలింది. సారక్క ఆ వేలిని రెండు చేతులతో పట్టుకుని, అప్పటిదాకా దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది.

సాయంత్రం డాక్టరమ్మ తీరిగ్గా అడిగింది. ఎప్పుడెప్పుడు వచ్చింది, ముందు రోజు ఏం పని చేశాడు, ఏం తిన్నాడు. సారక్క ఒక్కటీ మర్చిపోకుండా చెప్పింది. డాక్టరమ్మ తలాడిస్తూ విన్నది.

"బాగా కష్టం చేసి, రాత్రి అన్నం, తీపి ఎక్కువ తిని పడుకుంటే తెల్లారేసరికి ఆ ఉప్పు రక్తంలోంచి కండల్లోకి పోతుందమ్మా. కండలు పని చెయ్యవు. కొన్ని గంటలకు మళ్ళీ అదే సర్దుకుంటుంది. సర్దుకున్నాక పరీక్ష చేస్తే అంతా బాగానే కనిపిస్తుంది."

"మరి గీయినకే ఎందుకొచ్చింది అమ్మా?"

"కొందరికి మెడ దగ్గర గ్రంథి వల్ల వస్తుంది. అది హైదరాబాదులో చూపించాలి. కొందరికి ఎందుకు వస్తుందో నాకూ తెలీదు."

తెలీదు అన్న మాట ఆగయ్యకు ఎంతో హాయిగా వినిపించింది. అప్పటిదాకా అతన్ని చూసినవాళ్ళలో తెలియదన్నవాడు ఒక్కడూ లేడు.

"ఇంతకుముందు ఏం మందు వాడారు?"

"మా డాక్టరు ఎల్లేశం గ్లూకోజు ఎక్కిస్తడమ్మా. పడ్డప్పుడల్లా ఎక్కిస్తడు."

డాక్టరమ్మ కాసేపు కళ్ళు మూసుకుంది. "గ్లూకోజు అంటే చక్కెర నీళ్ళు. దానితో ఇంకా పడిపోతాడు. ఇక మీదట ఎవరైనా సీసా తెస్తే ఆ సీసా పగలగొట్టు, తప్పులేదు" అంది.

మర్నాడు ఇద్దరు తల్లులూ ఆసుపత్రికి వచ్చారు. పోచవ్వ ఏడుస్తూ వచ్చింది. కబురు తెలిసిన లింగవ్వ కోరుట్ల నుంచి టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. అల్లుడు చావు తప్పించుకున్నాడు కాబట్టి డబ్బా నిండా పోలెలు తెచ్చింది. డాక్టరమ్మ డబ్బా మూత తీసి చూసి, మూసి, తన బల్ల మీద పెట్టుకుంది.

"ఇవి పెట్టే గదమ్మా రెండేళ్ళు పడేశారు!"

సంగతంతా విన్నాక లింగవ్వ వియ్యపురాలి వైపు తిరిగింది. "ఇన్నవా వదినా? నేను వెట్టిన మందు పోలెలట" అంది.

పోచవ్వ తల దించుకుంది. అయితే ఎక్కువసేపు దించలేదు. "అయితె నేనన్నది తప్పేం గాదు. నువ్వు వెట్టిందానితోనే వడ్డడు" అంది. ఇద్దరూ ఒకే బెంచీ మీద చెరో చివర కూర్చున్నారు. సారక్క మధ్యలో కూర్చుని, తల్లి చెయ్యి పట్టుకుంది. అత్త చూసింది. చూసి ఊరుకుంది.

ఎస్సై ఆగయ్య మీద కేసు పెట్టలేదు. రోగం ఉన్నవాణ్ణి మంచం మీద నుంచి ఎత్తుకొచ్చామని రాస్తే బాగుండదు. ఠాణాకు తేనే లేదన్నట్టు వదిలేశాడు. ఆగయ్య మందు సీసాతో, నెమ్మదిగా నడుచుకుంటూ బస్సు దిగాడు. కథ ఇక్కడ అయిపోవలసింది. కానీ అతన్ని చూసిన ఊళ్ళో వాళ్ళు పలకరించకుండా పక్కకు తప్పుకున్నారు.

కారణం అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. పోలీసులు వస్తే ఊరంతా పరుగెత్తింది. ఆగయ్య ఒక్కడే ఆగాడు. వాళ్ళు అతన్ని మోసుకుని జీపులో ఎక్కించారు. కరీంనగర్ తీసుకుపోయి వైద్యం చేయించారు. ఒంటి మీద చెప్పుకోదగ్గ దెబ్బ లేకుండా తిరిగి వచ్చాడు. పోలీసులు ఎవరికైనా ఇంత మర్యాద చేశారా? ఇన్‌ఫార్మర్ అనే మాట ఎవరూ పైకి అనలేదు. ఆ మాటకు ఆ రోజుల్లో శిక్ష ఒకటే.

అన్నల దళం ఒక సాయంత్రం పొద్దు ఉండగానే వచ్చింది. బడి ముందు జనాన్ని పోగు చేసి, చెల్క నుంచి నేరుగా ఆగయ్యను రమ్మన్నారు. ఎడ్లను వదిలేసి, మట్టి కాళ్ళతో వచ్చి నిలబడ్డాడు. కమాండరు వయసులో ఆగయ్య కంటే చిన్నవాడు. మాట మెత్తగా ఉంది. ఆ మెత్తదనమే ఆగయ్యను ఎక్కువ భయపెట్టింది.

"ఆగన్నా, భయపడకు. ఏం జరిగిందో ప్రజల ముందు చెప్పు."

ఆగయ్య చెప్పాడు. అన్నం తింటే కాళ్ళు పడిపోతాయని చెప్పాడు. చెబుతుంటే తనకే అది నమ్మే మాటలా లేదు. వెనక ఎవరో నవ్వారు.

"పేదోడు అన్నం తింటే పడిపోయే రోగమా? ఇది ఎవరు కనిపెట్టారన్నా?" అన్నాడు కమాండరు.

సారక్క జనంలోంచి ముందుకొచ్చింది. "డాక్టరమ్మ జెప్పింది అన్నా. కావాల్నంటె కరీంనగర్ వోయి అడుగుండ్రి."

కరీంనగర్ వెళ్ళి అడగడం కమాండరుకు కుదిరే పని కాదు. అందుకని, తాము మూఢనమ్మకాలను ఒప్పుకోమని, దీన్ని శాస్త్రీయంగా తేల్చుదామని ప్రకటించాడు. ఆగయ్య పొద్దంతా పని చేసే వచ్చాడు. ఇప్పుడు కడుపునిండా అన్నం, తీపి పెట్టాలి. పొద్దున చూడాలి. పడిపోతే నిజం చెప్పినట్టు. పడిపోకపోతే, ఆ సంగతి పొద్దున మాట్లాడుకుందాం.

"అన్నా, గిదేం న్యాయం? తిని సస్తె?" అని సారక్క అరిచింది.

"ప్రజల ముందే జరుగుతుంది కదక్కా" అన్నాడు కమాండరు, దానితో ప్రమాదం తప్పిపోతుందన్నట్టు.

ఆగయ్య జీవితంలో మొదటిసారి పడిపోవాలని కోరుకున్నాడు. రెండేళ్ళు దేవుళ్ళందరికీ మొక్కి వద్దన్న రోగం ఈ ఒక్క రాత్రి రాకపోతే ప్రాణం పోతుంది.

మిగిలిన దొర బియ్యం వండారు. ఎవరో కోడిని కోశారు. ఇంకెవరో బెల్లం పరమాన్నం చేశారు. ఊరు ఊరంతా చుట్టూ కూర్చుని ఒక్క మనిషి తింటుంటే చూసింది. మొదటి ముద్ద భయంతో మింగాడు. రెండోదీ అంతే. మూడో ముద్ద నుంచి సంగతి మారింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అతను వరి అన్నం ముట్టలేదు. "ఇంకింత కూర వెయ్యి" అన్న మాట అతని నోటి నుంచే వచ్చింది. సారక్క మొగుణ్ణి చూసి నుదురు కొట్టుకుంది. మందు సీసా చీర కుచ్చెళ్ళలో దోపుకుని, అతని మంచం పక్కనే కూర్చుంది.

తెల్లవారింది. ఆగయ్య కళ్ళు తెరిచి, కాలు కదిపి చూశాడు. కదలలేదు. చెయ్యి కూడా కదలలేదు. "వచ్చిందే!" అన్నాడు సారక్కతో. కొడుకు పుట్టాడని చెప్పే తండ్రి గొంతు కూడా అంత సంతోషంగా ఉండదు.

కమాండరు వచ్చి కూర్చున్నాడు. చెయ్యి పైకెత్తి వదిలాడు. మంచం మీద దబ్బున పడింది. కాలు ఎత్తి వదిలాడు. అదీ పడింది. ఈగ ఒకటి ఆగయ్య కంటి మీద వాలితే, కమాండరే దాన్ని తోలాడు. తరువాత బయటికి వెళ్ళి జనంతో, ఆగన్న నిజమే చెప్పాడని, తాము తొందరపడ్డామని, దీని మీద దళం ఆత్మవిమర్శ చేసుకుంటుందని అన్నాడు.

సారక్క మందు నీళ్ళలో కలుపుతూ, "మంచిగ జేసుకోండ్రి. కొంచెం దూరం వోయి జేసుకోండ్రి" అంది. కమాండరు విననట్టు నటించాడు. ఎండ పడకముందే దళం వెళ్ళిపోయింది.

ఆ మందు ఉప్పగా, చేదుగా ఉంటుంది. సారక్క తల ఎత్తి పట్టుకుని చెంచా చెంచా పోసింది. ఎవరి మీద కోపమో ఆమెకే తెలియలేదు. అన్నల మీదా, పోలీసుల మీదా, మందు కక్కించినవాడి మీదా, అత్త మీదా, అన్నిటికీ తలాడించిన ఈ మనిషి మీదా. వాకిట్లో పోచవ్వ పొరుగువాళ్ళకు పొటాషియం గురించి తనకు మొదటి నుంచీ తెలుసన్నట్టు చెబుతోంది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆగయ్య వేళ్ళు ఆడాయి. గొంతు తేరుకుంది. ఏదో చెప్పాలని చూశాడు. సారక్క చెవి దగ్గరికి తెచ్చింది.

"కోడికూర మస్తుండె గదనే" అన్నాడు.

సారక్కకు నవ్వొచ్చింది, దుఃఖమొచ్చింది. రెండూ ఆపుకుని, గ్లాసు అతని పెదవులకు గట్టిగా ఆనించింది.

"మాట్లాడకు. తాగు."